ఇరవై సిస్టమ్‌ల ఆఫీసు: ముందు ఏ తలుపు మూయాలి

గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసైనా, ఆదోనిలో జిన్నింగ్ మిల్లైనా, కూకట్‌పల్లిలో డయాగ్నస్టిక్ సెంటరైనా లోపలి అమరిక దాదాపు ఒకటే. పదిహేను, ఇరవై సిస్టమ్‌లు. మూలన యూపీఎస్ పక్కన ‘సర్వర్’ అని పిలుచుకునే మామూలు డెస్క్‌టాప్, అందులో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, అందరికీ తెరిచిపెట్టిన ఒక షేర్డ్ ఫోల్డర్. నెట్ కనెక్షన్ వాళ్లు బిగించి వెళ్లిన రూటర్. గోడల మీద కెమెరాలు, వాటి రికార్డింగు దాచే ఒక డీవీఆర్. ఏదైనా ఆగిపోతే ఫోన్ చేస్తే వచ్చే హార్డ్‌వేర్ కుర్రాడు. ఐటీ విభాగం అంటూ ఏదీ ఉండదు.

ఇలాంటి ఆఫీసుకి భద్రత అనగానే ముందు కొనేది బయటి నుంచి వచ్చే ట్రాఫిక్‌ని వడపోసే ఫైర్‌వాల్ పెట్టె, ఆ తర్వాత యాంటీవైరస్ లైసెన్సులు. రెండూ పనికొచ్చేవే, కానీ వరస తప్పు. బయటి నుంచి సర్వర్‌లోకి తీసిన దారి, మెయిల్ లాగిన్, డబ్బు పంపే పద్ధతి, అవసరానికి తెరుచుకోని బ్యాకప్: ముందు చూడాల్సినవి ఈ నాలుగు. వీటికి పెట్టెడు డబ్బు అక్కర్లేదు. రెండు శనివారాలు, కొంచెం మొండితనం ఉంటే చాలు.

ఆడిటర్ గారి కోసం తీసిన దారి

రాత్రి పూట ఆడిటర్ గారు తన ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవాలి. లేదా యజమాని ఊళ్లో లేనప్పుడు స్టాకు చూడాలి. హార్డ్‌వేర్ కుర్రాడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే బయటి నుంచి 3389 పోర్టు (నంబరున్న తలుపు లాంటిది) తట్టినవాళ్లని నేరుగా సర్వర్‌కి తిప్పుతాడు. దూరం నుంచి ఆ సిస్టమ్ తెర నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పది నిమిషాల్లో పనిచేస్తుంది, అందరూ సంతోషం. ఆ తలుపు తర్వాత ఏళ్ల తరబడి అలాగే తెరిచి ఉంటుంది.

‘ఇంటర్నెట్‌లో మా చిరునామా, అదే మా ఐపీ అడ్రస్, ఎవరికి తెలుస్తుంది’ అనుకుంటారు. ఎవరికీ తెలియక్కర్లేదు. మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో విడుదల చేసిన జీమ్యాప్ అనే ఉచిత టూల్ ఐపీవీ4 (పాత రకం ఐపీ అడ్రసుల) ఇంటర్నెట్ మొత్తం మీద ఏదైనా ఒక పోర్టు ఎక్కడెక్కడ తెరిచి ఉందో 45 నిమిషాల్లోపే వెతికేసింది, అది కూడా ఒకే ఒక్క మెషీన్ మీద. కాబట్టి 3389 బదులు 3390 పెట్టుకుంటే దాక్కున్నట్టు కాదు. ఏ పోర్టులో తట్టినా రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే జవాబులోనే అది ఏమిటో తెలిసిపోతుంది. దొరికాక ‘అడ్మిన్’, ‘ట్యాలీ’, ‘సర్వర్’, ‘అకౌంట్స్’ అనే యూజర్ పేర్లతో పాస్‌వర్డులు రాత్రంతా ప్రయత్నించడం మెషీన్ల పని.

దీని మీద ఇంకో పుండు. మామూలు విండోస్ 10 లేదా 11లో ఒకేసారి ఒక్కరే రిమోట్‌గా పనిచేయగలరు. నలుగురు వాడాలంటే విండోస్ సర్వర్, దానికి ఒకేసారి పలువురు వాడుకునే ఆర్‌డీఎస్ లైసెన్సులు కొనాలి. అది తప్పించుకోవడానికి ‘ఆర్‌డీపీ ర్యాపర్’ అనే సాధనం వేస్తారు. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది పనిచేయడం మానేస్తుంది. అందుకని ఏం చేస్తారు? విండోస్ అప్‌డేట్లే ఆపేస్తారు. అంటే ఊరందరికీ తెరిచిన సిస్టమే, ఆఫీసులో అందరికంటే పాతబడ్డ సిస్టమ్ కూడా. సర్వర్‌లో అప్‌డేట్లు ఎందుకు ఆగాయో అడిగితే చాలాచోట్ల జవాబు ఇదే.

సరిచేసే పని ఇలా సాగాలి. రూటర్ అడ్మిన్ పేజీలో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ లేదా ‘వర్చువల్ సర్వర్’ అన్న చోట ఉన్న ప్రతి వరసా ఎవరి కోసమో అడగాలి. ఎవరూ చెప్పలేనిది తీసెయ్యాలి. యూపీఎన్‌పీ ఆపాలి, లేకపోతే డీవీఆర్ లాంటివి అడగకుండానే దారులు తెరుచుకుంటాయి. రూటర్ పాస్‌వర్డు మార్చాలి, బయటి నుంచి రూటర్ పేజీ తెరిచే సౌకర్యం ఆపాలి. తర్వాత ఆఫీసు వైఫై కాకుండా మొబైల్ డేటా మీద నుంచి మీ పబ్లిక్ ఐపీకి రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించి చూడాలి. లాగిన్ తెర కనిపిస్తే పని అవ్వనట్టే.

మరి ఆడిటర్ గారి అవసరం? ట్యాలీలోనే దారి ఉంది. ట్యాలీ అప్‌డేట్లు, ఆన్‌లైన్ సేవలకి కట్టే టీఎస్ఎస్ చందా నడుస్తుంటే కంపెనీలో ‘ట్యాలీ డాట్ నెట్ ఆడిటర్’ అనే రకం యూజర్‌ని సృష్టించి, ఆయన మెయిల్ ఐడీకి అనుమతి ఇవ్వొచ్చు. ఆయన తన ట్యాలీ నుంచే మీ కంపెనీ తెరుస్తారు. మీ సిస్టమ్‌లో ఆ కంపెనీ తెరిచి, కనెక్ట్ అయి ఉండాలి, అదొక్కటే ఇబ్బంది. సర్వర్ మొత్తం కావాల్సిన వాళ్లకి వీపీఎన్, అంటే అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే గుప్త దారి, పెట్టాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కి ఒక మంచి గుణం ఉంది: సరైన కీ లేనివాడు తలుపు తడితే అసలు జవాబే ఇవ్వదు, అక్కడ తలుపు ఉందన్న సంగతే తెలియదు. దాని మీదే కట్టిన టెయిల్‌స్కేల్ అయితే రూటర్‌లో ఏమీ మార్చకుండానే నడుస్తుంది, ఎవరెవరికి అనుమతి ఉందో ఒక పేజీలో కనిపిస్తుంది.

ఇక దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ యాప్. సపోర్టు కోసం వేసి తీయడం మర్చిపోతారు. ఎవరూ ఎదురుగా లేకపోయినా కలిసే పాస్‌వర్డు పెట్టి ఉందేమో ప్రతి సిస్టమ్‌లో చూడాలి. పని ఉన్నప్పుడు తెరిచి, అయ్యాక తీసేసేలా ఉంచితే చాలు. పాత ఉద్యోగి ఫోన్‌లో ఆ పాస్‌వర్డు ఇంకా ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఫైర్‌వాల్ కొన్నవాళ్లకి కూడా ఒక మాట. ఆ పెట్టె కూడా కంప్యూటరే, దానికీ అప్‌డేట్లు కావాలి. ఫోర్టిగేట్ అనే ఫైర్‌వాల్ వీపీఎన్‌లోని ఒక లోపానికి 2019లోనే మరమ్మతు వచ్చింది. ఆ మరమ్మతు వేసుకోని సుమారు 87,000 పరికరాల లాగిన్ వివరాలు 2021 సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో పోశారు. వీళ్లంతా ఫైర్‌వాల్ కొన్నవాళ్లే.

మెయిల్

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో పన్నెండు కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. పోలీసుల దర్యాప్తులో తేలిన మొదలు చాలా చిన్నది: 2021 నవంబరులో సిబ్బందికి వచ్చిన ఫిషింగ్ (నమ్మించి మోసగించే) మెయిళ్లు. ఒకరిద్దరు తెరిచారు, దూరం నుంచి సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్ దిగింది. అక్కడి నుంచి కీలక సర్వర్ల దాకా అడ్డుగోడ సరిగ్గా లేదు. భద్రతా లోపాలకి 2023లో ఆర్‌బీఐ ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. ‘మెయిల్ తెరవొద్దు’ అని సర్క్యులర్ పంపడం దీనికి మందు కాదు. మెయిళ్లు తెరవడమే అకౌంట్స్ వాళ్ల ఉద్యోగం. ఒకరు తెరిచినా అక్కడే ఆగేలా చెయ్యాలి.

మొదటిది రెండో తాళం. గూగుల్ వర్క్‌స్పేస్ అయినా మైక్రోసాఫ్ట్ 365 అయినా టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు ఫోన్‌లో రెండో నిర్ధారణ) అందరికీ తప్పనిసరి చెయ్యాలి. ఒక్కసారిగా పెడితే సగం మంది సోమవారం పొద్దున లాగిన్ కాలేక కూర్చుంటారు. రెండు వారాల గడువు ప్రకటించి, కొత్తగా చేరేవాళ్లకి వారం వెసులుబాటు పెట్టి, అప్పుడు బిగించాలి. అడ్మిన్ అకౌంట్లు రెండు ఉండాలి. ఫోన్ పోతే లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి లాకర్‌లో పెట్టాలి.

ఇది సగంలో ఎందుకు ఆగిపోతుందో కూడా చెప్పాలి. ‘ఇన్ఫో’ పేరున్న ఒకే మెయిల్‌ని ఐదుగురు వాడతారు. ఓటీపీ ఒకరి ఫోన్‌కి వెళుతుంది, ఆయన భోజనానికి పోతే మిగతావాళ్ల పని ఆగుతుంది. నాలుగో రోజున రెండో తాళం తీసేస్తారు. ఆ మెయిల్‌ని గ్రూపుగానో షేర్డ్ మెయిల్‌బాక్స్‌గానో మార్చి, ఎవరి లాగిన్‌తో వాళ్లు చూసేలా చేస్తే ఈ గొడవే ఉండదు. పైగా ఏ జవాబు ఎవరిచ్చారో తెలుస్తుంది.

ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు, యాప్ కంటే పాస్‌కీ (పాస్‌వర్డు బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచిన డిజిటల్ తాళంచెవి) మేలు. ఇప్పటి దొంగ లాగిన్ పేజీలు మీరు కొట్టిన ఓటీపీని అదే క్షణంలో అసలు సైటుకి పంపి లోపలికి వెళ్లిపోతాయి, యాప్ కోడ్‌కి కూడా అదే గతి. పాస్‌కీ అలా కాదు, అది అసలు సైటు చిరునామాకే కట్టి ఉంటుంది. నకిలీ సైటులో మనం ఇద్దామన్నా ఇవ్వదు. అందరికీ ఒకేసారి అక్కర్లేదు. యజమాని, అకౌంట్స్, అడ్మిన్ ముందు.

మూడు నెలలకోసారి పాస్‌వర్డు మార్చమనే నియమం ఉంటే తీసేయండి. గుంటూరు@2024 పోయి గుంటూరు@2025 వస్తుంది, అంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 నుంచి ఈ బలవంతపు మార్పు వద్దనే చెబుతోంది. పొడవైనది ఒకటి, ఎక్కడా మళ్లీ వాడనిది, బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచింది చాలు.

మీ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చేది) పేరుతో ఇంకొకరు మెయిల్ పంపకుండా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు డీఎన్ఎస్‌లో, అంటే ఆ డొమైన్ వివరాల పట్టికలో, పెట్టాలి. మీ పేరుతో ఎక్కడి నుంచి మెయిల్ రావొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది, డీకిమ్ మెయిల్ మీద సంతకం, ఆ రెండూ తప్పితే ఏం చెయ్యాలో డీమార్క్ చెబుతుంది. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండు పెట్టడం. అప్పుడు రెండూ చెల్లవు, ఒక్కటే ఉండాలి, అందులోనూ పదికి మించి డీఎన్ఎస్ వెతుకులాటలు ఉండకూడదు. రెండోది, డీమార్క్‌ని మొదటి రోజే ‘రిజెక్ట్’ (తిరస్కరించు)లో పెట్టడం. అప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే ఇన్వాయిసులు, వెబ్‌సైట్ ఫారాలు మాయమవుతాయి. ‘నన్’ (ఏమీ ఆపొద్దు)తో మొదలుపెట్టి, నెల పాటు రిపోర్టులు చూసి, ‘క్వారంటైన్’ (స్పామ్‌లోకి), ఆ తర్వాతే ‘రిజెక్ట్’.

అన్నట్టు, మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? చాలాచోట్ల వెబ్‌సైట్ చేసిన కుర్రాడి సొంత మెయిల్ మీద ఉంటుంది. అతను ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోతాడు, రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ అతనికే వెళుతుంది. గడువు దాటాక ఆ పేరు ఇంకెవరో కొంటే, మీకు రావాల్సిన మెయిళ్లన్నీ వాళ్లకి వెళతాయి, పాస్‌వర్డు రీసెట్లతో సహా. ఈ వారమే చూసుకోవాల్సిన విషయం.

సిబ్బందికి చెప్పాల్సింది గంటసేపు క్లాసు కాదు, ఒకే ఒక్క కొత్త సంగతి చాలు. 2024 నుంచి బాగా పెరిగిన మోసం ఒకటుంది: తెర మీద ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అని వచ్చి, విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కమంటుంది, కంట్రోల్ వీ కొట్టమంటుంది, ఎంటర్ నొక్కమంటుంది. ఆ మూడు పనులతో దొంగ రాసిన కమాండ్‌ని మన చేత్తోనే నడిపినట్టు. నిజమైన ఏ క్యాప్చా కూడా కీబోర్డులో విండోస్ బటన్ నొక్కమని అడగదు. ఈ వాక్యం ప్రింటు తీసి మానిటర్ కింద అంటించొచ్చు. రోజూ వాడే లాగిన్‌కి అడ్మిన్ హక్కులు తీసేసి, స్టాండర్డ్ యూజర్‌గా మారిస్తే, ఎవరైనా ఆ పొరపాటు చేసినా నష్టం చాలా తగ్గుతుంది.

బ్యాంకు ఖాతా మారింది అని మెయిల్ వస్తే

దుబాయ్ కొనుగోలుదారుకి మీరు ఇన్వాయిస్ పంపారు. మీ మెయిల్‌లోనో ఆయన మెయిల్‌లోనో ఎవడో కొన్ని వారాలుగా కూర్చుని చదువుతున్నాడు. సరైన సమయానికి ‘మా బ్యాంకు ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఈసారి ఈ ఖాతాకి పంపండి’ అని మీ లెటర్‌హెడ్ మీదే మెయిల్ వెళుతుంది. డొమైన్‌లో ‘ఎమ్’ అక్షరం బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉంటాయి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో తేడా కనిపించదు. సరుకు ఓడ ఎక్కుతుంది, డబ్బు మరెక్కడికో పోతుంది.

దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా ఆపలేదు. పద్ధతి ఆపుతుంది. ఖాతా నంబరు మారిందన్న ఏ సమాచారాన్నైనా ఫోన్ చేసి అడగాలి, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి కాదు, పాత పర్చేజ్ ఆర్డరులో ఉన్న నంబరుకి. కొత్త ఖాతాకి మొదటి రోజు ఒక్క రూపాయి పంపి, అటువైపు అందిందని అదే పాత నంబరులో విన్నాకే మిగతాది. నెట్ బ్యాంకింగ్‌లో చెల్లింపు నమోదు చేసే మేకర్ ఒకరు, దాన్ని ఆమోదించే చెకర్ ఇంకొకరు ఉండాలి. రెండు లాగిన్‌లూ అకౌంటెంటే వాడుతుంటే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమయ్యేది ఖాతా నంబరు చూసే తప్ప పేరు చూసి కాదు. పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోగా ఇవ్వాలని ఆర్‌బీఐ బ్యాంకులని ఆదేశించింది. ఆ పేరు చదవడం అలవాటు చెయ్యాలి. విదేశీ కొనుగోలుదారులతో ఒప్పంద పత్రంలోనే ‘మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా ఎప్పటికీ మారవు’ అని ఒక లైను రాయించుకోవచ్చు.

వాట్సాప్‌లో ఎండీ గారి ఫొటోతో కొత్త నంబరు నుంచి ‘మీటింగ్‌లో ఉన్నా, వెంటనే ఇది పంపు’ అని వచ్చినా ఇదే నియమం. ఇక్కడ చిక్కు అకౌంటెంట్‌ది కాదు. ‘సార్‌కి ఫోన్ చేస్తే విసుక్కుంటారు’ అన్న భయం ఉన్న ఆఫీసులోనే ఈ మోసం పారుతుంది. డబ్బు గురించి ఎన్నిసార్లు ఫోన్ చేసినా కోప్పడనని యజమానే నోటితో చెప్పాలి.

మెయిల్ లోపలికి ఎవరైనా వచ్చినట్టు తేలితే పాస్‌వర్డు ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. అన్ని చోట్లా సైన్ అవుట్ చెయ్యాలి. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రూల్స్ చూడాలి: ‘పేమెంట్’, ‘ఇన్వాయిస్’ అన్న మాటలున్న మెయిళ్లని ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫోల్డర్‌లోకి తోసే రూల్ ఒకటి పెట్టి పోవడం వాళ్ల పాత అలవాటు. రికవరీ ఫోన్ నంబరు, అనుమతిచ్చిన బయటి యాప్‌లు కూడా చూడాలి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకం దాచిన యూఎస్‌బీ పుల్ల) సంగతి రెండు ముక్కలు: సిస్టమ్‌కి ఇరవై నాలుగు గంటలూ గుచ్చి ఉంచొద్దు, కొన్నప్పుడు వచ్చిన 12345678 పిన్ మార్చండి. అది మీ సంతకం.

బ్యాకప్

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లని లాక్ చేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) బారిన పడ్డాయి. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాశారు. తర్వాత పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చిన జవాబులో రెండు విషయాలున్నాయి. నెట్‌వర్క్‌ని సరిగ్గా విడగొట్టకపోవడం వల్ల చొరబడ్డారు. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ–హాస్పిటల్ డేటా అంతా తిరిగి తెచ్చారు.

ఆ ‘దెబ్బ తగలని’ అన్న మాటే కీలకం. సర్వర్ వెనక ఎప్పుడూ గుచ్చి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ బ్యాకప్ కాదు, దాన్ని కూడా అదే నిమిషంలో లాక్ చేస్తారు. నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కు పెట్టె, అంటే నాస్, డ్రైవ్‌గా మ్యాప్ చేసి ఉంటే దాని సంగతీ అంతే. గూగుల్ డ్రైవ్ సింక్ కూడా లాక్ అయిన ఫైళ్లనే విధేయంగా పైకి పంపుతుంది. పాత వెర్షన్లు 30 రోజులో, 100 వెర్షన్లో దాటితే ఉంచదు. విండోస్ తనే దాచుకునే పాత ఫైళ్ల నకళ్లని, అంటే షాడో కాపీలని, చెరిపెయ్యడం రాన్సమ్‌వేర్ చేసే మొదటి పనుల్లో ఒకటి.

పనిచేసే ఏర్పాటు చవకైనదే. రెండు టీబీల హార్డ్ డిస్కులు రెండు. ఒకటి ఆఫీసులో, సాయంత్రం బ్యాకప్ తీసేంతసేపే గుచ్చి, తర్వాత బీరువాలోకి. ఇంకోటి యజమాని ఇంట్లో. శనివారం శనివారం మార్చుకోవాలి. మూడోది వెర్షన్లు ఉంచే క్లౌడ్ బ్యాకప్, సర్వర్‌కి తెలియని వేరే పాస్‌వర్డుతో. ట్యాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్ కాపీ చేస్తే అరకొర కాపీ వచ్చే ప్రమాదం ఉంది. అందరినీ బయటికి రమ్మని, ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ వాడాలి.

నెలకోసారి తెరిచి చూడాలి, ఇది అందరూ ఎగ్గొట్టేది. ఇంకో సిస్టమ్‌లో ట్యాలీ వేసి, ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చెయ్యాలి. లైసెన్సు అక్కర్లేదు, ఎడ్యుకేషనల్ మోడ్‌లో కంపెనీ తెరుచుకుంటుంది. నిన్నటి డే బుక్ చివరి వోచర్ సరిపోయిందా చూడాలి. అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకే పొరపాటున రీస్టోర్ కొడితే ఇవాళ్టి ఎంట్రీల మీద పాతవి పడతాయి, అందుకే వేరే సిస్టమ్.

సమయం కూడా లెక్క కట్టుకోవాలి. రెండు టీబీలు 100 ఎంబీపీఎస్ లైను మీద క్లౌడ్ నుంచి దించాలంటే, లైను ఎక్కడా తగ్గకపోయినా 44 గంటలు. యూఎస్‌బీ డిస్క్ నుంచి సెకనుకి వంద మెగాబైట్ల లెక్కన అయిదున్నర గంటలు. డిస్కులెందుకు, క్లౌడ్ ఉందిగా అనేవాళ్లకి ఈ రెండు అంకెలు చూపించండి.

మిగతావి చకచకా. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దాని మీదే ఉన్న సిస్టమ్‌లని డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదా మార్చాలి. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా ఆగాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు ఇచ్చింది, రెండు నెలల ముందే. కెమెరాలు, డీవీఆర్, అతిథుల వైఫై వేరే వీలాన్‌లో (ఆఫీసు సిస్టమ్‌లతో కలవని విడి నెట్‌వర్క్‌లో) ఉండాలి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ చాలు, దాన్ని ఎవరూ ఆపకుండా చూసే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఉంచితే. క్రాక్ చేసిన యాంటీవైరస్ కంటే అది వందరెట్లు మేలు. తెలియని ప్రోగ్రాములు ఫైళ్లు మార్చకుండా ఆపే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్ చేస్తే ముందు ట్యాలీనే ఆపొచ్చు, దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చాలి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసుకునే విండోస్ సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీ దగ్గర పాతవి చెరుపుతుంది. పాస్‌వర్డు దాడి జరిగితే కొన్ని గంటల్లో నిండిపోతుంది. ఒక జీబీకి పెంచి, నెలనెలా కాపీ తీసి దాచాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి.

ఆ రోజు వస్తే

ఫైళ్ల పేర్లు మారిపోతున్నాయి, తెరుచుకోవడం లేదు. మొదటి పని నెట్‌వర్క్ కేబుల్ పీకడం, వైఫై ఆపడం, కేబుళ్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కే కరెంటు తీసినా సరే. సిస్టమ్‌ని మాత్రం ఆఫ్ చెయ్యొద్దు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. బ్యాకప్ డిస్క్ గుచ్చి చూద్దామన్న ఆత్రం అసలు వద్దు. తెర మీద ఉన్న నోటుని ఫోన్‌తో ఫొటో తీయాలి. హార్డ్‌వేర్ కుర్రాడు వచ్చి ఫార్మాట్ కొట్టకుండా ఆపాలి. కొడితే ఎలా వచ్చారో ఎప్పటికీ తెలియదు, వారంలో అదే దారిన మళ్లీ వస్తారు. లాక్ అయిన డిస్క్‌ని తీసి పక్కన పెట్టి, కొత్త డిస్క్‌లో కొత్తగా విండోస్ వేసి రీస్టోర్ చెయ్యాలి. ‘నో మోర్ రాన్సమ్’ సైటులో ఆ రకానికి తాళంచెవి దొరుకుతుందేమో చూడొచ్చు, ఇవాళ దొరక్కపోయినా తర్వాత రావొచ్చు.

డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత త్వరగా అయితే అంత, ఎందుకంటే దొంగ ఖాతాలోంచి డబ్బు ఇంకో పది ఖాతాలకి జారేలోపే ఆపాలి. అదే సమయంలో మీ బ్యాంకుకీ చెప్పాలి. సెర్ట్–ఇన్‌కి గమనించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, వాళ్ల ఉచిత నంబరు 1800-11-4949. కస్టమర్ల, పేషెంట్ల వివరాలు పోయి ఉంటే 2023 డేటా రక్షణ చట్టం సంగతీ ఉంది, భద్రత పాటించని సంస్థకి అందులో రాసిన జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు.

ఈ నంబర్లు, ఆడిటర్ గారిది, బ్యాంకు మేనేజర్‌ది, నెట్ కనెక్షన్ వాళ్లది, డొమైన్ ఎక్కడ కొన్నారో ఆ వివరం, అన్నీ ఒక కాగితం మీద రాసి యూపీఎస్ దగ్గర గోడకి అంటించాలి. ఇవన్నీ ఉన్న ఎక్సెల్ షీటు ఆ రోజు లాక్ అయిన సర్వర్‌లోనే ఉంటుంది.